కుమ్మరి యింటికి దిగిపోవుట

పాఠ్యభాగములు: యిర్మీయా 18:1–10, 29:4–7, 2 రాజులు 24:14–16, 1 దినవృత్తాంతములు 4:23



యిర్మీయా 18వ అధ్యాయము మన సంఘములలో తరచుగా ప్రసంగింపబడు భాగము. మేము సెమినరీ విడిచి సేవలో ప్రవేశించిన మొదటి సంవత్సరమందే దానిమీద ప్రసంగించితిమి. అటుతరువాత ఎన్నిసార్లు ఆ పుటలు విప్పితిమో లెక్క లేదు. దేవుడు కుమ్మరి, మనము మంటిముద్దలము, ముద్ద మొండికెత్తుటవలన కుండ చెడిపోయెను, కావున మొండితనము విడువుడి. ఇంతే మా ప్రసంగము. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘములోని వృద్ధుడైన కుమ్మరి గుడి గడపయొద్ద మమ్మును ఆపి ఇట్లనెను:

"అయ్యగారూ, మీరు జెప్పింది మంచిగనే ఉన్నది గని, మట్టి మొండిదని అనకుండ్రి. మట్టిల రాయి ఉన్నా, నీళ్లెక్కువైనా, చెయ్యి తొందరపడ్డా కుండ ఒరుగుతది. మట్టిని తిట్టేటోడు కుమ్మరి గాడు. మీరు ఎన్నడన్న సారె కాడ కూసున్నరా?"

మేము కూర్చుండలేదు. ప్రవక్తను దేవుడు ముందుగా కుమ్మరి యింటికి దిగిపొమ్మనెను. తన మాటలు అచ్చటనే వినిపింతునని చెప్పెను. మేమైతే దిగకుండగనే ఇన్ని యేండ్లు మాటలాడితిమి. మరునాడే ఆ పెద్దాయన యింటికి పోతిమి. ఆయన కఱ్ఱతో సారెను త్రిప్పి, మా చేతులలో మంటిముద్దను పెట్టెను. అది రెండు క్షణములలో పక్కకు దూకి మా పంచెమీద పడెను. ఆయన నవ్వి, ఆ ముద్దనే తీసికొని, మరల పిసికి, కొంతసేపు ప్రక్కన ఉంచి, తరువాత దానితోనే ఒక గురిగి చేసెను.

ఇంటికి వచ్చి 4వ వచనమును మరల చదివితిమి. కుండ చెడినది కుమ్మరి చేతిలో ఉండగనే. తప్పు మట్టిదని ఆ వచనములో లేదు. ఆయన దానిని పారవేసెననియు లేదు. తనకు యుక్తమని తోచినట్లు అదే మంటితో వేరొక పాత్ర చేసెను. ఇంతమాత్రమున మనుష్యునికి బాధ్యత లేదని ఎవరును తలంపకుందురు గాక. 7 మొదలు 10 వచనములలో జనము తన చెడుతనమును విడిచినయెడల దేవుడును తాను తలపెట్టిన కీడును మానుకొనునని ఉన్నది. మట్టి ఇంకను తడిగానున్నది, ఇంకను చేతిలోనే యున్నది. ప్రవక్త ఆ యింట చూచినది ఇదియే అని మాకు తోచుచున్నది.

ఈ పాఠము ఇంతటితో ముగియవలసినది. అయితే ఆ పెద్దాయన చిన్న కుమారుని సంగతి యొకటి మమ్మును చాలదూరము నడిపించెను.

ఆ చిన్నవాడు డిగ్రీ ముగించి, సర్కారు ఉద్యోగపు పరీక్షలకు చదువుకొనుటకై హైదరాబాదులో అశోక్ నగర్‌లో ఉన్నాడు. ఆ పేట మన పల్లెల బిడ్డలతో నిండియున్నదని మీరెరుగుదురు; మీలో కొందరి బిడ్డలును అచ్చటనే ఉన్నారు. గత వర్షాకాలమందు నారాయణగూడలో ఒక కూటమునకు మేము పోవుచుండగా, పెద్దాయన సకినాల సంచి యొకటి ఇచ్చి కుమారుని చూచి రమ్మనెను. కూటము ముగిసిన సాయంకాలము మేము నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా నడిచి ఆ గది చేరితిమి. ఒక చిన్న గదిలో నలుగురు యౌవనస్థులు, గోడలనిండ దేశపటములు. సకినాలు పంచుకొని తినుచుండగా, వారిలో ఒకడు మా చిన్నవానితో, "మీ నాయన ఏం జేస్తడు?" అని అడిగెను. వాడు మావైపు చూడక, "ఎవుసం" అనెను. ఆ యింటికి గుంటెడు భూమియైనను లేదు. మేము మౌనముగా ఉంటిమి.

తరువాత వాడు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవుచు మమ్మును బస్సు దగ్గరకు సాగనంపుటకు వచ్చెను. దారిలో తానే నోరు విప్పెను. నగరములో ఒకచోట, పెద్ద జీతములుగలవారు రుసుము చెల్లించి జపాను పద్ధతిని కుండలు చేయ నేర్చుకొనుచుండగా అద్దపు తలుపు వెలుపల నిలిచి చూచెనట. "వాళ్ల ముద్ద నడుమకు వస్తలేదు అయ్యగారూ. నా చేతులు ఊకుంటలేవు. గని లోపలికి పోతే, నీకు ఎట్ల వచ్చు అని అడుగుతరు గదా" అనెను. ఇట్లు చెప్పి గ్రంథాలయము మెట్లెక్కి వెళ్లిపోయెను.

ఆ మాట మమ్మును నిద్రపోనియ్యలేదు. తండ్రి సారెను కొడుకు దాచుచుండగా, సముద్రములకు ఆవలి సారెను చూచి నగరస్థులు ముచ్చటపడుచున్నారు. ఆ ఆవలి కుమ్మరులు ఎవరు? వారి గౌరవము ఎచ్చటనుండి వచ్చెను? దొరికినంతవరకు చదివితిమి. వారి చరిత్రలో చెర యున్నది, కన్నీరున్నది, మన వేదభాగములకు మిక్కిలి సమీపమైన సంగతులున్నవి.

మొదట వారి నేర్పరితనమును గూర్చి. జపానులో గురువు యింట ఉండి పని నేర్చుకొనువానిని దెషి, అనగా శిష్యుడు, అందురు. వాడు వచ్చిన దినముననే సారె ముట్టడు. ఊడ్చును, కట్టెలు మోయును, మట్టి పిసుకును. మట్టి పిసుకుటకే మూడేండ్లని అచ్చట ఒక సామెత కలదు. ముద్దను రెండు చేతులతో త్రిప్పుచు నొక్కగా దానిమీద చామంతి రేకులవంటి మడతలు పడును. ఆ పద్ధతికి చామంతి పేరే పెట్టిరి. మట్టిలోని గాలి బుడగలు పోవుటకే ఆ ప్రయాసమంతయు. మన పెద్దాయన అదే పనిని కాలితో త్రొక్కి చేయును. గురువు ఎక్కువగా మాటలాడడు; శిష్యుడు దగ్గరనుండి చూచి పట్టుకొనవలెను. మార్కు 3:14లో మన ప్రభువు పండ్రెండుమందిని ఎందుకు నియమించెనో చూడుడి. ప్రకటించుటకు పంపకమునుపు, వారు తనతోకూడ ఉండుటయే మొదటి కారణముగా వ్రాయబడియున్నది. మేము సెమినరీలో పుస్తకములు చాల చదివితిమి గాని, సేవ యనగా ఏమో ఒక వృద్ధ పాదిరిగారి వెంట ఎండలో పల్లెలు తిరిగినప్పుడే కొంచెము తెలిసెను. ఆ కుమ్మరివాని కొడుకు అయిదేండ్ల ప్రాయమునుండి తండ్రి ప్రక్కన కూర్చుండెను. రుసుము లేదు, ధ్రువపత్రమును లేదు. శిష్యరికము మాత్రము జరిగెను.

ఇప్పుడు చరిత్రకు వత్తము. జపానువారికి ఈ విద్యలో అధికభాగము కొరియా దేశమునుండి వచ్చినది. క్రీస్తుశకము 5వ శతాబ్దమందే గట్టి కుండలు కాల్చు సొరంగపు ఆవము అచ్చటనుండి వచ్చెను. అయితే వెయ్యేండ్లకు పైగా గడచిన పిమ్మట, జపాను ఏలిక టొయొటొమి హిదెయోషి 1592 మొదలు 1598 వరకు కొరియామీద రెండుసార్లు దండెత్తించెను. 1597లో నాగసాకి పట్టణమున 26 మంది క్రైస్తవులను సిలువ వేయించినవాడు ఇతడే. అతని సేనాధిపతులు తిరిగి వచ్చునప్పుడు కొరియా కుమ్మరులను కుటుంబములతోకూడ ఓడలలో ఎక్కించి తెచ్చిరి. ఆ దినములలో జపాను ప్రభువులకు తేనీటి పాత్రలమీద మిక్కిలి మోజు. అందుచేత బంగారమునకంటె కుమ్మరి చేతులే వారికి కొల్లసొమ్మాయెను.

ఇది చదివినప్పుడు మాకు 2 రాజులు 24వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. నెబుకద్నెజరు యెరూషలేమునుండి ఎవరిని చెరగొనిపోయెను? అధిపతులను, పరాక్రమశాలులను, వారితోకూడ చేతిపనివారిని, కమ్మరులను. మిక్కిలి బీదలనే విడిచెను. దేశమును జయించినవాడు ఆ దేశపు చేతిపనివారి వెల ఎరిగియుండెను. ఆ పనివారి స్వజనులే దానిని ఎరుగకుండిరేమో.

ఆ చెరవారిలో ఇద్దరిని గూర్చి చెప్పెదము. యీ సామ్ ప్యోంగ్ అనువాడు అరిటా అను తావున తెల్లని రాతిమట్టిని 1616లో కనుగొనెనని సంప్రదాయము. జపానులో పింగాణీ అటనుండి మొదలాయెను. అరిటావారు నేటికిని ఆయనను ఆ విద్యకు పితరునిగా ఎంచుదురు. చెరగా తేబడినవాని పేర అచ్చట కొండమీద జ్ఞాపక స్తంభము నిలిచియున్నది.

రెండవది షిమ్ వంశము. 1598లో నామ్వన్ పట్టణమునుండి తేబడిన ఆ కుటుంబము దక్షిణమున సత్సుమా సీమలో నిలిచెను. ఆ యూరిని నేడు మియామా అందురు. నాలుగు వందల యేండ్లు గడచినను వారు తమ కొరియా యింటిపేరును విడువలేదు. పదునైదవ తరమువారు నేడును అచ్చటనే సారె త్రిప్పుచున్నారు. వారి పూర్వికులు మొదట చేసిన కొన్ని పాత్రలకు 'నిప్పు మాత్రమే' అని అర్థమిచ్చు పేరు కలదు. మట్టి కొరియాది, పూత కొరియాది, చేతులు కొరియావారివి. జపానుది నిప్పు మాత్రమే. ఆ పేరును మేము చదివి కొంతసేపు పుస్తకము మూసివేసితిమి. బబులోను నదులయొద్ద కూర్చున్నవారి కీర్తనకు ఇదియు బంధువే.

యిర్మీయా ఆ చెరవారికి వ్రాసిన ఉత్తరమును 29వ అధ్యాయములో చదువుకొనుడి. ఇండ్లు కట్టుకొనుమనియు, తోటలు నాటుకొనుమనియు, తాము చెరగా పోయిన పట్టణపు క్షేమము కోరి దానికొరకు ప్రార్థింపుమనియు వ్రాసెను. పరదేశములో చేతిపని విడువకుము, ఎవని బిడ్డవో మరువకుము అని మేము దానికి అర్థము చెప్పుకొనుచున్నాము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ చెరవలన జపానుకు మేలు కలిగెను గనుక హిదెయోషి చేసినది మంచిదని ఎవడైనను చెప్పినయెడల అది దుర్బోధ. యోసేపు సహోదరుల కీడును దేవుడు మేలుగా మార్చెను. అంతమాత్రమున ఆ సహోదరులు నీతిమంతులు కాలేదు.

కొరియాలోనే నిలిచిన కుమ్మరులను గూర్చి మరియొక సంగతి కలదు. ఇది క్రైస్తవుల సంగతి గనుక నిదానముగా వినుడి. అచ్చట ఊరగాయలకును, సోయా పులుసులకును వాడు పెద్ద బానలను ఓంగి అందురు. వాటిని చేయువాడు లోపల గుండ్రని దిమ్మె పట్టి, వెలుపల చెక్కతో కొట్టుచు గోడను పలుచన చేయును. మన కుమ్మరి లోపల రాయి పట్టి వెలుపల చెక్కతో కొట్టుట మీరు చూచియుందురు, అదే విద్య. 1801లోను, 1839లోను, 1866లోను కొరియా రాజ్యములో క్రైస్తవులకు ఘోరమైన హింసలు కలిగెను. వారు రోమా సంఘమువారు. మనకును వారికిని సిద్ధాంతములలో భేదమున్నను, వారి ఓర్పు మనకు మాదిరియే. ఇల్లు వాకిలి విడిచి కొండలలో దాగిన ఆ విశ్వాసులలో అనేకులు ఓంగి బానలు చేసి బ్రదికిరి. కుమ్మరిని ఆ దేశములో నీచముగా చూచెడివారు గనుక ఎవరును వాని పుట్టుపూర్వోత్తరములు విచారించెడివారు కారు. కొండలో మట్టియు కట్టెయు దొరకును. బానలను వీపున మోసికొని ఊరూర అమ్ముచు, చెదరిపోయిన సహోదరుల యోగక్షేమములు విచారించుకొనుచుండిరి. లోకము నీచమనిన పనియే వారికి దాగుచోటాయెను.

అట్టి కుటుంబమునుండి వచ్చినవాడే కార్డినల్ కిమ్ సూ హ్వాన్. ఆయన 1922లో పుట్టి 2009లో మరణించెను. ఆయన తాత 1868లో విశ్వాసము నిమిత్తము చెరసాలలో ప్రాణము విడిచెను; తండ్రి బానలు అమ్ముకొని తిరిగెను. దేశమంతయు గౌరవించిన ఆ పెద్ద తనకు తాను పెట్టుకొన్న మారుపేరు ఓంగి, అనగా మట్టిబాన. పౌలు 2 కొరింథీయులు 4:7లో చెప్పిన మంటి ఘటములను ఇచ్చట తలంచుకొనుడి.

మన ప్రొటెస్టెంటు సహోదరుని సాక్ష్యమొకటి కూడ కలదు. 1910 మొదలు 1945 వరకు జపాను కొరియాను ఏలెను. ఆ కాలములో అసకావా టకుమి అను జపానీయుడు, మెథడిస్టు సంఘస్థుడు, 1914లో కొరియాకు పోయి అడవుల శాఖలో ఉద్యోగము చేసెను. ఏలుబడి చేయు జాతివాడైయుండియు కొరియా భాష నేర్చుకొని, కొరియా బట్టలు కట్టుకొని, అక్కడి బీదలతో కలిసి మెలగెను. ఆయన అన్న నొరిటాకాయు ఆయనయు పాడుపడిన ఆవములు వెదకి తిరిగి, పెంకులు ఏరి, కుండల పేళ్లు వాటి వాడుకలు అడిగి వ్రాసికొనిరి. 1931లో, నలువదేండ్ల ప్రాయమున, టకుమి జ్వరముతో మరణింపగా కొరియావారే ఆయన శవపేటికను మోసిరి. ఆయన సమాధి నేటికిని సియోలు పట్టణమందే యున్నది. ప్రసంగి కాడు, పాదిరి కాడు. పొరుగువాని కుండను గౌరవించుటద్వారా పొరుగువానిని ప్రేమించెను.

ఈ అన్నదమ్ములవలననే యనాగి సోయెత్సు అను పండితుడు కొరియా కుండల అందమును గ్రహించెను. పేరులేని పనివారు నిత్యవాడుకకు చేసిన వస్తువులలోనే నిజమైన సౌందర్యమున్నదని ఆయన బోధించి, 1936లో టోక్యోలో అట్టి వస్తువులకు ప్రదర్శనశాల స్థాపించెను. కియోటో నగరమందలి ఒక మఠములో కొరియా మట్టిగిన్నె యొకటి జపాను జాతీయ నిధిగా భద్రపరచబడియున్నది. అది మొదట బీదవారు అన్నము తిన్న గిన్నెయేయని యనాగి వ్రాసెను. 1955లో జపాను ప్రభుత్వము హమాదా షోజి అను కుమ్మరిని జాతి నిధిగా సన్మానించెను. మన పెద్దాయనకు ఇది చెప్పగా, "గిన్నెనా, మనిషినా?" అని రెండుసార్లు అడిగెను.

మన దేశస్థుడొకడు ఈ గురువులను సేవించెను. గురుచరణ్ సింగ్ అను ఆయన మొదట ఢిల్లీలో పఠాను కుమ్మరులయొద్ద పని చూచి, 1919లో జపానుకు పోయి ఈ విద్య అభ్యసించెను. యనాగి, హమాదా, ఆంగ్లేయుడైన బెర్నార్డ్ లీచ్ మొదలగువారితో పరిచయము కలిగెను. కొరియాను కూడ దర్శించెను. స్వదేశమునకు వచ్చి 1952లో ఢిల్లీలో కుండల పనిశాల స్థాపించి అనేకులకు నేర్పెను; 1991లో పద్మశ్రీ పొందెను. మరల 1971లో పుదుచ్చేరిలో అమెరికా దేశస్థులైన రే మీకర్, డెబొరా స్మిత్ అనువారు మరియొక పనిశాల ఆరంభించిరి. డెబొరా జపానులో అభ్యసించి వచ్చినది. నేడు మన నగరములలో రుసుమిచ్చి నేర్చుకొను పద్ధతికి ఇట్టివారే మూలము.

వారి కుండ గొప్పదా, మనది గొప్పదా అని చిన్నవాడు మమ్మును అడిగెను. వారి గట్టి పాత్రలు 1,200 డిగ్రీలకు మించిన వేడిమిలో కాలును, నీరు చెమ్మగిల్లదు. మన ఆవములో వేడి సుమారు 700 మొదలు 900 డిగ్రీలు, కుండ చెమర్చును. చెమర్చుటచేతనే వేసవిలో నీళ్లు చల్లబడును. పింగాణీ కూజాతో ఆ పని కాదు. ఎవని కుండ పని వానిది.

ఈ సంగతులన్నియు మేము ఆ యౌవనస్థునికి ఉత్తరముగా వ్రాసితిమి. చదువు విడిచి సారెకు రమ్మని వ్రాయలేదు. ఆ వృత్తిలో కడుపు నిండుట ఎంత కష్టమో ఆ యింట పొయ్యి చూచినవారము మేము. ప్లాస్టికు బిందె, ఉక్కు బిందె వచ్చినప్పటినుండి పెద్దాయన ఆవము ఏడాదిలో రెండు మూడుసార్లకంటె వెలుగుట లేదు. ఉద్యోగము దొరకవలెనని అతనికొరకు ప్రార్థించుచున్నాము. 1 దినవృత్తాంతములు 4:23ను మాత్రము గుర్తుచేసితిమి: యూదా వంశావళిలో రాజుల పేళ్ల ప్రక్కనే కుమ్మరులు వ్రాయబడిరి, వారు రాజుదగ్గర కాపురముండి అతని పని చేసిరి. పరిశుద్ధాత్మ సిగ్గుపడక వ్రాయించిన వృత్తిని నీవు దాచనేల అని అడిగితిమి.

రెండు నెలలు జవాబు రాలేదు. మేము ఎక్కువగా వ్రాసితిమేమో అనుకొంటిమి. క్రిస్మసుకు వాడు ఊరికి వచ్చెను. తనతో ఆ గదిలోని స్నేహితుని ఒకనిని తెచ్చెను. మేము వెళ్లునప్పటికి ఆ స్నేహితుడు పెద్దాయన సారెముందు కూర్చుండి, మోచేతులవరకు మట్టితో, మావలెనే ముద్దను పక్కకు పడవేయుచుండెను. చిన్నవాడు వెనుకనుండి వాని చేతులమీద తన చేతులు పెట్టి, "ఒత్తకు. పట్టుకో అంతే" అనుచుండెను. పెద్దాయన గోడకు ఆనుకొని బీడీ త్రాగుచు, మమ్మును చూచి దానిని దాచెను.

గృహకూటములలో ఈ పాఠము చదువువారు యిర్మీయా 18వ అధ్యాయముతో 19వ అధ్యాయమును కూడ చదువుకొనుడి. అచ్చట కాలిన కూజాను పగులగొట్టుటయు, అది మరల బాగుకాదనుటయు ఉన్నది. తడి మట్టికిని కాలిన కుండకును గల ఈ భేదము కఠినమైన ప్రశ్న. కాలిన పెంకును నూరి క్రొత్త మట్టిలో కలుపు పద్ధతి అనేక దేశముల కుమ్మరులకు కలదు; దానిని గూర్చి పెద్దాయనను అడిగి వచ్చే నెల వ్రాసెదము. ఆ కూటమునకు ఇంటికొక పాత పెంకు తెచ్చుకొనుడి.